లావోకోన్ శిల్పం

లావోకోన్ శిల్పం వాటికన్ మ్యూజియంలలో ఉన్న ప్రాచీన పాలరాతి శిల్పం. ట్రాయ్ నగర పూజారి లావోకోన్‌ను, అతని ఇద్దరు కొడుకులను రెండు సముద్రసర్పాలు చుట్టుకొని చంపుతున్న ఘట్టం ఇందులో ఉంది. గ్రీకులు మోసగించడానికి వదిలిపోయిన కొయ్యగుర్రాన్ని నగరంలోకి రానివ్వొద్దని అతడు హెచ్చరించాడు. రోమన్ కవి వర్జిల్ రాసిన ‘ఈనియిడ్’లో ట్రాయ్ ప్రజలు అతని చావును దైవశిక్షగా భావించి గుర్రాన్ని లోపలికి లాక్కుంటారు. నిజం చెప్పినవాడి చావే అబద్ధానికి సాక్ష్యమైపోవడం ఈ కథలోని అసలు విషాదం.

క్రీ.శ. 1వ శతాబ్దపు రచయిత ప్లినీ ఈ శిల్పం రోమన్ చక్రవర్తి టైటస్ భవనంలో ఉండేదని, రోడ్స్ ద్వీపానికి చెందిన హగెసాండ్రోస్, పాలిడోరోస్, అథెనోడోరోస్ దీన్ని ఒకే రాతిలో మలిచారని రాశాడు. నిజానికి ఇది కొన్ని రాళ్లను కలిపి చేసినది. అతుకులను దాచిన పనితనం అంత గొప్పది. దీని కాలంపై పండితులు ఇప్పటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. పాత గ్రీకు కంచు విగ్రహానికి నకలని కొందరు, రోమన్ ఆసాముల కోసం కొత్తగా చేసిందని మరికొందరు అంటారు. 1957లో ఇటలీ తీరంలోని స్పెర్లోంగా గుహలో బయటపడిన శిల్పాలపై ఇవే మూడు పేర్లు కనిపించడంతో చర్చ మళ్లీ వేడెక్కింది.

1506 జనవరిలో రోమ్‌లోని ఎస్క్విలైన్ కొండపై ఫెలిచే దె ఫ్రెదిస్ ద్రాక్షతోటలో ఈ శిల్పం బయటపడింది. చూడడానికి వచ్చిన వాస్తుశిల్పి జూలియానో దా సంగాల్లో, ప్లినీ వర్ణించినది ఇదేనని గుర్తించాడు. అప్పుడు మైకెలాంజెలో కూడా అక్కడున్నాడు. పోప్ రెండో జూలియస్ దాన్ని కొని బెల్వెడేరే ప్రాంగణంలో నిలబెట్టించాడు. వాటికన్ మ్యూజియంలు తమ పుట్టుకను ఈ సంఘటన నుంచే లెక్కిస్తాయి.

దొరికినప్పుడు తండ్రికి కుడిచేయి లేదు. కొడుకుల చేతులూ కొంత విరిగిపోయి ఉన్నాయి. విరిగిన శిల్పాన్ని అలాగే ఉంచడం ఆ కాలపు అభిరుచికి నచ్చదు. అందుకే పోయిన చేయి ఎలా ఉండేదన్నది పెద్ద వివాదమైంది. తల వెనక్కి ముడిచిన చేయి అయి ఉంటుందని మైకెలాంజెలో భావించాడని చెబుతారు. 1530ల్లో ఆయన శిష్యుడు మొంతోర్సోలి మాత్రం ఆకాశంలోకి చాచిన చేతిని అమర్చాడు. తరువాతి మరమ్మతులు కూడా ఆ పోకడనే పాటించాయి. దాంతో లావోకోన్ పాములను ఎదిరిస్తున్న వీరుడయ్యాడు. జర్మన్ పండితుడు వింకెల్మన్ 1755లో మెచ్చుకున్నదీ, రచయిత లెస్సింగ్ 1766లో కవిత్వ శిల్పాల భేదాన్ని చర్చించడానికి ఎంచుకున్నదీ ఈ చాచిన చేయి ఉన్న రూపాన్నే. 1798లో నెపోలియన్ సేనల చేతుల్లో పారిస్ చేరిన శిల్పం, అతని పతనం తరువాత రోమ్‌కు తిరిగొచ్చింది.

20వ శతాబ్దం మొదట్లో పురావస్తు నిపుణుడు, కళావస్తువుల వ్యాపారి లుడ్విగ్ పొల్లాక్ రోమ్‌లోని ఒక రాతిపనివారి దగ్గర వంగిన పాలరాతి చేతిని చూశాడు. లావోకోన్ శైలి అందులో కనిపించి దాన్ని వాటికన్‌కు ఇచ్చాడు. అది గిడ్డంగిలోనే అర్ధశతాబ్దం ఉండిపోయింది. యూదుడైన పొల్లాక్‌ను 1943లో నాజీలు ఆష్విట్జ్‌కు పంపేశారు. తన ఊహ నిజమని తేలడం ఆయన చూడలేదు. 1957 తరువాత ఫిలిప్పో మాగి చేసిన పునరుద్ధరణలో ఆ చేయి భుజానికి చేరింది. చేతిలో తొలిచిన రంధ్రం, భుజంలోని రంధ్రం సరిగ్గా ఒకదానికొకటి ఎదురుగా వచ్చాయి. అంతకంటే బలమైన సాక్ష్యం అక్కర్లేదు.

ఈ మార్పుతో శిల్పం అర్థమే మారింది. బయటికి ఎగసిన గీత పోయి, బాధ మొత్తం దేహంలోకే కుదించుకుపోయింది. పాత చేయి అందంగా లేదని కాదు. కానీ అది శిల్పుల ఆలోచన కాదు కాబట్టి తీసేయడం న్యాయమే. కొడుకులకు తరువాత చేర్చిన చేతులను కూడా 20వ శతాబ్దంలోనే తొలగించారు. అయినా వింకెల్మన్, లెస్సింగ్‌లను చదివేవారు ఆ చాచిన చేతిని కూడా చూడాలి. అది ఐరోపాలోని పాత ప్లాస్టర్ అచ్చుల్లో ఇప్పటికీ కనిపిస్తుంది.