పాఠశాల సాంకేతిక బాధ్యులు, కోల్‌కతా

బడిలో కంప్యూటర్ గదిని, నెట్ కనెక్షన్‌ను, ప్రభుత్వ పోర్టళ్లలో ఎక్కించాల్సిన వివరాలను చూసుకుంటూ, తోటి ఉపాధ్యాయులకు వాటి వాడకం నేర్పే వ్యక్తిని పాఠశాల సాంకేతిక బాధ్యుడు అనవచ్చు. అమెరికాలో ఇలాంటివారి మండలి 1979లో మొదలై, 1989లో ఇస్టీ అనే పేరు తీసుకుంది. బ్రిటన్‌లో నేస్ అనే ఇలాంటి సంఘం 1984లో ఏర్పడింది. కోల్‌కతాలో ఈ వృత్తి చరిత్రను ఏ ఒక్క సంఘం పేరుతోనూ చెప్పలేం. పుస్తకాలు అచ్చువేసిన సొసైటీ, గణాంక సంస్థ, సైన్సు మ్యూజియం, పరీక్షా మండళ్లు, కాంట్రాక్టు బోధకుల ధర్నాలు, అన్నిట్లోనూ దాని ఛాయలు కనిపిస్తాయి.

తొలి సొసైటీలు

పందొమ్మిదో శతాబ్దం ఆరంభంలో బడికి వచ్చిన కొత్త సాంకేతికత అచ్చు పుస్తకం. 1817లో కలకత్తా స్కూల్ బుక్ సొసైటీ ఏర్పడింది. మత గ్రంథాల జోలికి పోకుండా పాఠ్యపుస్తకాలు తయారుచేసి, బడులకూ మదర్సాలకూ అందించడం దాని పని. అందులో ఇంగ్లీషువారు, హిందువులు, ముస్లింలు కలిసి కూర్చున్నారు. మరుసటి ఏడాది, 1818లో, కలకత్తా స్కూల్ సొసైటీ వచ్చింది. ఇది అప్పటికే ఉన్న పాఠశాలలను బాగుచేయడానికి పూనుకుంది. గడియారాల వ్యాపారి డేవిడ్ హేర్, జమీందారు రాధాకాంత దేవ్ దీనికి ముఖ్యులు. అచ్చు పుస్తకం తెచ్చి ఇస్తే సరిపోదనీ, దాన్ని వాడాల్సిన గురువును పట్టించుకోవాలనీ ఈ రెండో సొసైటీ గ్రహించింది. ఆ తర్వాత రెండు వందల ఏళ్లలో కలకత్తాకు వచ్చిన ప్రతి కొత్త పరికరం విషయంలోనూ ఈ సంగతి మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది.

ఈ అచ్చు ఉద్యమంలో తెలుగుకూ చోటుంది. కలకత్తాకు ఎగువన హుగ్లీ ఒడ్డునున్న శ్రీరాంపూర్‌లో విలియం కేరీ తెలుగు వ్యాకరణం 1814లో అచ్చయింది. మద్రాసులోనూ ఇలాంటి స్కూల్ బుక్ సొసైటీ 1820లో ఏర్పడింది.

యంత్రం ముందు, వ్యతిరేకత తర్వాత

దేశంలో తొలి డిజిటల్ కంప్యూటర్ పనిచేసింది కలకత్తాలోనే. బరానగర్‌లోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు ప్రశాంత చంద్ర మహలనోబిస్ చొరవతో హెచ్‌ఈసీ-2ఎం అనే బ్రిటిష్ యంత్రం 1955లో వచ్చింది. అంతకుముందే, 1953లో, అదే సంస్థలో సమరేంద్ర కుమార్ మిత్ర ఒక అనలాగ్ కంప్యూటర్‌ను తయారుచేశారు. ఆ దశాబ్దం ముగిసేలోగా సోవియట్ యూనియన్ నుంచి ఉరాల్ అనే కంప్యూటర్ వచ్చింది. 1966లో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంతో కలిసి ట్రాన్సిస్టర్లతో ఐసిజు-1 అనే కంప్యూటర్‌ను నిర్మించారు. తెలుగువాడైన కల్యంపూడి రాధాకృష్ణారావు ఈ ఇన్‌స్టిట్యూట్‌లో దాదాపు నాలుగు దశాబ్దాలు పనిచేశారు. గణాంకాలు నేర్చుకోవడానికి విదేశీ అధికారులు కూడా బరానగర్ వచ్చేవారు. ఇంత శిక్షణ జరిగిన చోట బడి పంతులు మాత్రం లెక్కలోకి రాలేదు. 1965లో కంప్యూటర్ వాడకందార్ల బృందం నుంచి పుట్టిన కంప్యూటర్ సొసైటీ ఆఫ్ ఇండియా కూడా తొలినాళ్లలో పరిశోధకుల, పరిశ్రమవారి వేదికే.

బడి ఉపాధ్యాయులకు తలుపు తెరిచిన సంస్థ మరొకటి. 1959 మే 2న ప్రారంభమైన బిర్లా ఇండస్ట్రియల్ అండ్ టెక్నలాజికల్ మ్యూజియం 1965 నుంచి బస్సులో ప్రదర్శనలను ఊళ్లకు తీసుకెళ్లింది. ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది, నమూనాలు చేయించింది. బెంగాల్ సైన్సు మాస్టార్లు బడి గోడ దాటి ఒకరినొకరు కలుసుకునే వీలు కల్పించిన చోట్లలో దీన్ని ముందు చెప్పుకోవాలి.

అదే 1960లలో నగరం కంప్యూటర్ మీద కత్తి కట్టింది. బ్రేబోర్న్ రోడ్డులోని ఇలాకో హౌస్‌లో ఎల్‌ఐసీ కంప్యూటర్ పెట్టబోతే, ఉద్యోగాలు పోతాయన్న భయంతో ఉద్యోగులు రేయింబవళ్లు కాపలా కాసి అడ్డుకున్నారు. కార్మిక సంఘాల చరిత్రలో ఇది ఇప్పటికీ గర్వంగా చెప్పుకునే పోరాటం. అందులో న్యాయం లేదనలేం. గుమాస్తా కుటుంబాల నగరంలో ఆ భయం ఉత్తుత్తిది కాదు. కానీ ఉపాధ్యాయ ఉద్యమం బలంగా ఉన్న రాష్ట్రంలో, 1921 నాటి నిఖిల బంగ శిక్షక్ సమితి లాంటి పెద్ద సంఘం ఉండి కూడా, బడికి కంప్యూటర్ కావాలని అడిగే గొంతు చాలాకాలం బలపడకపోవడానికి ఈ వాతావరణం ఒక కారణం. 1980ల మధ్య నుంచి వామపక్ష ప్రభుత్వమే వైఖరి మార్చుకుని, సాల్ట్‌లేక్ సెక్టర్ 5లో ఎలక్ట్రానిక్స్ పరిశ్రమను ప్రోత్సహించింది.

క్లాస్ నుంచి కాంట్రాక్టు దాకా

కేంద్రం 1984-85లో బడుల్లో కంప్యూటర్ పరిచయానికి తెచ్చిన క్లాస్ పథకం కింద దేశంలోని సుమారు 250 బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు పంపింది. కళాశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో వనరుల కేంద్రాలు పెట్టి ఉపాధ్యాయులకు తర్ఫీదు ఇచ్చారు. గణితమో భౌతికశాస్త్రమో చెప్పే మాస్టారే కంప్యూటర్ మాస్టారయ్యాడు. పాత పాఠాల బరువు అలాగే ఉండగా ఇది అదనం.

నగరంలోని ఐసీఎస్ఈ బడుల దారి వేరు. అక్కడ కంప్యూటర్ అప్లికేషన్స్ పరీక్ష పాఠ్యాంశం, అందులో జావా తప్పనిసరి. కనుక బోధకుడికి స్థిరమైన ఉద్యోగం, సబ్జెక్టు గౌరవం దక్కాయి. పరీక్షా మండలి శిక్షణలు, జవాబు పత్రాలు దిద్దే కేంద్రాలు, అంతర్ పాఠశాలల కంప్యూటర్ పోటీలు వీరిని కలిపాయి. సంఘం పేరు లేకపోయినా, కోల్‌కతాలో వృత్తి సమాజం అనదగ్గది ఈ వర్గంలోనే కనిపిస్తుంది. అది ఫీజులు కట్టగల బడులకే పరిమితం కావడం దాని లోపం.

ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకు కంప్యూటర్లు పెద్దఎత్తున వచ్చింది 2004 డిసెంబరులో మొదలైన ఐసీటీ పథకంతో. గది, యంత్రాలు, బోధకుడు అన్నీ ఏజెన్సీల ద్వారా ఒకే మూటగా వచ్చాయి. బోధకుడు బడి మనిషి కాడు, గడువు తీరితే వెళ్లిపోవాల్సినవాడు. వీరూ సంఘాలు పెట్టుకున్నారు. కానీ జీతం, ఉద్యోగ భద్రత, ఈ రెండు డిమాండ్లే వాటిని నడిపించాయి. కడుపు నిండని ఉద్యోగంలో బోధనా మెళకువల గురించి మాట్లాడుకునే తీరిక ఎవరికి ఉంటుంది?

2013లో కన్యాశ్రీ, 2015లో సబుజ్ సాథీ వచ్చాక బడి పని తీరే మారింది. ఆడపిల్లల నగదు సాయానికీ, సైకిళ్లకూ వివరాలను బడులే ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. కన్యాశ్రీకి 2017లో ఐక్యరాజ్యసమితి ప్రజాసేవ పురస్కారం దక్కింది. ఆ దరఖాస్తులు ఎక్కించిన ఉపాధ్యాయులకు దక్కింది పని భారం. కోవిడ్ కాలంలో పన్నెండో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇస్తామన్న ప్రభుత్వం, సరిపడా దొరకక ఒక్కొక్కరి ఖాతాలో 10,000 రూపాయలు వేసింది. పథకం తర్వాత కూడా కొనసాగింది. 2024లో చాలామంది విద్యార్థుల సొమ్ము వేరే ఖాతాలకు మళ్లినట్టు బయటపడి పోలీసులు అరెస్టులు చేశారు. పోర్టల్‌లో ఖాతా నంబర్లను మార్చడమే ఆ మోసం కీలకం. ప్రతి బడిలో శిక్షణ పొందిన సాంకేతిక బాధ్యుడు ఎందుకు ఉండాలో ఇంతకుముందు ఏదీ ఇంత స్పష్టంగా చూపించలేదు.

ఈ విషయంలో కేరళ ముందుంది. 2001లోనే ఐటీ@స్కూల్ అనే ప్రాజెక్టు మొదలుపెట్టి, బడికో ఐటీ సమన్వయకర్తను ఉపాధ్యాయుల నుంచే ఎంచుకుంది. 2017లో ఆ ప్రాజెక్టును కైట్ అనే ప్రభుత్వ సంస్థగా మార్చింది. పశ్చిమ బెంగాల్ హయ్యర్ సెకండరీ మండలి మాత్రం 2023లో కృత్రిమ మేధను పదకొండో తరగతిలో సబ్జెక్టుగా ప్రవేశపెట్టింది. కోల్‌కతాకు ఇప్పుడు కావాల్సింది ఇంకో సబ్జెక్టు కాదు, కేరళ పెట్టినటువంటి సమన్వయకర్త పదవి.