జేమ్సు వాట్టు ఆవిరియంత్రపు పేటెంటు

నూతన యంత్రమును కల్పించినవానికి రాజ్యము రక్షణ మొసంగవలెనా? ఇంగ్లాండులో 1624 నాటి చట్టము అట్టివానికి 14 సంవత్సరముల హక్కు నిచ్చెను. 1769లో జేమ్సు వాట్టు, బొగ్గును మిగిల్చు ఆవిరియంత్రమునకై పేటెంటు వడసెను. దానిని తీర్చిదిద్దుటలోనే యేండ్లు గడచినందున 1775లో పార్లమెంటు గడువును 1800 వఱకు పొడిగించెను.

ఆదాయైన బొగ్గు వెలలో మూడవవంతు కారన్‌వాల్ గనులవారు వాట్టునకును, ఆతని భాగస్వామి బోల్టనునకును చెల్లింపవలసి యుండెను. శ్రమించినవాడు ఫలమనుభవించుట న్యాయమే. ధనము వెచ్చించిన బోల్టనునకు భరోసాయు వలయును. కాని 31 సంవత్సరములా? హార్న్‌బ్లోయరు 1781లో రెండు సిలిండర్ల యంత్రమునకు పేటెంటు పొందియు, వాట్టు హక్కు అడ్డుపడుటచే దానిని వ్యాప్తి చేయజాలకపోయెను. అన్యుల త్రోవకు ఇంతకాలము కంచె వేయుట మాకు సమ్మతము కాదు. అట్టి కంచె వాట్టునకును తగిలినది సుమీ! చక్రమును త్రిప్పు క్రాంకుపై పికార్డు 1780లోనే పేటెంటు పొందియుండుటచే, ఆతడు పండ్లచక్రములతో వేఱొక యమరిక కల్పించుకొనవలసివచ్చెను.