ఒకరికి వేషం, ఒకరికి నేరం

మారువేషాల విందులు పెద్దింటివాళ్ల సరదా అని చరిత్ర పుస్తకాలు ఒక్క వాక్యంలో దాటేస్తాయి. దొరలూ దొరసానులూ రాజులుగా, రాణులుగా, గొర్రెల కాపరులుగా, జిప్సీలుగా ముస్తాబై ఒక రాత్రి ఆడిపాడతారు, అందులో తప్పేముంది అంటారు. కానీ 19వ శతాబ్దంలో ఆ సరదా పక్కకి కెమెరా వచ్చి చేరింది. ఎవరు ఎవరి వేషం కట్టారో సాక్ష్యం మిగిలిపోయింది. ఆ సాక్ష్యాన్ని ఇంతకాలం కట్టినవాళ్ల వైపు నించే చదివారు.

అప్పటి కెమెరాకి కదిలే జనాన్ని పట్టే వేగం లేదు. అందుకని వేషాలతోనే స్టూడియోకి వెళ్లి కదలకుండా నిలబడేవాళ్లు. 1870లో కెనడాలోని మాంట్రియల్‌లో మంచు మీద జారుతూ ఆడే వేషాల ఉత్సవం జరిగింది. విలియం నాట్‌మన్ అనే ఫోటోగ్రాఫరు ఒక్కొక్కరిని విడిగా ఫోటో తీసి, కత్తిరించి, రంగులేసిన తెర మీద అతికించి అందరూ ఒకేచోట ఉన్నట్టు చూపించాడు. 1897 జూలైలో లండన్‌లో డెవన్‌షైర్ డచెస్ ఇచ్చిన విందు ఫోటోలైతే ఏకంగా ఆల్బంగా అచ్చయ్యాయి. సరే, అవి వాళ్ల గొప్పలు. మనం ఆగి చూడాల్సిన ఫోటో ఇంకొకటుంది.

1896 ఫిబ్రవరి 17న కెనడా రాజధాని ఒట్టావాలో గవర్నర్ జనరల్ దంపతులు లార్డ్, లేడీ అబెర్డీన్ చారిత్రక వేషాల విందు పెట్టారు. ఎక్కడో కాదు, పార్లమెంటులోని సెనేట్ సభామందిరంలోనే. కెనడా చరిత్రలోని ఘట్టాల్ని పంచుకుని పెద్దలంతా వేషాలు కట్టారు. టోప్లీ స్టూడియో తీసిన ఒక ఫోటోలో హేటర్ రీడ్ అనే అధికారి ఆదివాసీ నాయకుడు డొన్నకోనా వేషంలో ఉంటాడు. పక్కన ఆయన భార్య మొదటి పెళ్లి కొడుకు జాక్. వాడికీ ఆదివాసీ వేషమే.

ఎవరీ డొన్నకోనా? 1536లో ఫ్రెంచి నావికుడు జాక్ కార్టియే పట్టి బంధించి ఓడెక్కించుకుపోయిన నాయకుడు. మళ్లీ సొంత నేల చూడకుండానే ఫ్రాన్సులో చచ్చిపోయాడు.

ఎవరీ రీడ్? ఆదివాసుల్ని ఏలే ప్రభుత్వ శాఖలో అధికారులందరికీ పైవాడు. 1885 తిరుగుబాటు అణిగాక, పాసు లేకుండా ఆదివాసులు తమ రిజర్వు దాటకూడదనే పద్ధతిని ముందుకు తెచ్చినవాడు. దానికి చట్టమంటూ లేదు, అయినా అమలైంది. (పాసంటే ఏంటో స్టూవర్టుపురం ఎరుకలకి వేరే చెప్పాలా?) రిజర్వుల్లో సేద్యం చేసుకునేవాళ్లు యంత్రాలు వాడకూడదు, చేతి పనిముట్లతోనే చెయ్యాలన్నదీ ఆయన విధానమే.

ఇక బట్టల సంగతి. 1884 చట్టసవరణ పసిఫిక్ తీరపు ఆదివాసుల పొట్లాచ్ వేడుకని నేరం చేసింది. 1895లో, అంటే ఈ విందుకి ఏడాది తిరక్కముందే, ఆ నిషేధాన్ని పెంచారు. అది మైదాన ప్రాంతాల సూర్యనృత్యం దాకా పాకింది. ఆ శాఖకి అప్పుడు పెద్ద రీడే. వాళ్లు ఆడితే జైలన్న శాఖ అధికారి వాళ్ల వేషంలో సెనేట్‌లో విందాడాడు.

ఆదివాసులంటే గౌరవం కొద్దీ కట్టాడేమో అనే మిత్రులున్నారు. ఉండొచ్చు. మూడున్నర శతాబ్దాల కింద చచ్చిన నాయకుడి మీద గౌరవం అది. బతికున్న రైతుకి యంత్రం దగ్గరికొచ్చేసరికి అది కనపడదు.

ఇప్పుడు ఇంకో పిల్లవాణ్ణి చూడండి. అదే 1896 సంవత్సరానికి ఆ శాఖ వేసిన వార్షిక నివేదికలో థామస్ మూర్ అనే ఆదివాసీ పిల్లవాడి జంట ఫోటోలున్నాయి. రెజైనాలోని పారిశ్రామిక బడి విద్యార్థి. మొదటి దాంట్లో జడలు, పూసలు, చేతిలో పిస్తోలు. రెండో దాంట్లో కత్తిరించిన జుట్టు, యూనిఫాం. బడికి ముందు, బడి తర్వాత అన్నమాట. మొదటి ఫోటోలోని బట్టలు కూడా ఫోటో కోసం తొడిగినవేనని కొందరు పరిశోధకుల అనుమానం. అంటే విప్పించడం కోసమే తొడిగారు. జాక్‌కి ఆ బట్టలు ఒక రాత్రి ఆట. థామస్‌కి వాటిని వదిలించడమే చదువు.

ఈ లెక్క మనకి తెలియంది కాదు. ఇండోర్ ప్రాంతపు బలాయీలకి సవర్ణులు పెట్టిన షరతుల గురించి 1928 జనవరిలో పత్రికలో వచ్చిన వార్తని అంబేద్కర్ 'కుల నిర్మూలన'లో ఎత్తిచూపాడు. జరీ అంచు పాగా చుట్టకూడదు, రంగు అంచు ధోవతి కట్టకూడదు, ఆడవాళ్లు వెండి బంగారాలు పెట్టుకోకూడదు. ఒప్పుకోనందుకు బావి నీళ్లు బంద్, పశువుల మేత బంద్. ఇక్కడ పైవాళ్ల బట్ట కట్టొద్దన్నారు. కెనడాలో సొంత బట్టకే ఆంక్షలు పెట్టారు. రెండుచోట్లా ఒంటి మీది గుడ్డకి కట్టుకున్నవాడు యజమాని కాదు.

1914లో కెనడా చట్టం ఇంకా బిగిసింది. పశ్చిమ రాష్ట్రాల ఆదివాసులు తమ సంప్రదాయ దుస్తుల్లో ప్రదర్శనలకీ ఉత్సవాలకీ వెళ్లాలంటే శాఖ అనుమతి కావాలన్నారు. ఈ నిషేధాలు 1951లో చట్టాన్ని తిరగరాసినప్పుడుగానీ పోలేదు.