జలుబు మాత్రలో ‘లీవో’ ఎక్కడిది? ఎడమ, కుడి అణువుల కథ

ఈ రోజు తాటిపాకలో ఒక కొబ్బరితోటలోంచి మాట్లాడుతున్నాను. ఒకసారి పైకి చూడండి. ఈ చెట్టుకి ఆకులు ఎడమకి మెలి తిరుగుతూ వచ్చాయి, పక్కదానికి కుడికి. అద్దంలో బొమ్మల్లా ఉన్నాయి కదా?

కొన్ని అణువులూ అంతే. మెడికల్ షాపులో జలుబుకిచ్చే సెట్రిజిన్‌లో ఎడమ, కుడి రకాలు సగం సగం ఉంటాయి. బాగా పనిచేసే సగాన్ని విడదీస్తే లీవోసెట్రిజిన్. ‘లీవో’ అంటే ఎడమ. అది ఎడమకి తిప్పేది కాంతిని.

1815లో ఫ్రాన్సులో బియో ఇది గమనించాడు. ఒకే దిశలో ఊగే కాంతిని కొన్ని ద్రవాల్లోంచి పంపితే ఆ దిశ పక్కకి తిరిగింది. 1848లో పాశ్చర్ ఒక లవణం స్ఫటికాల్ని ఎడమవీ కుడివీ చేత్తో ఏరాడు. విడివిడిగా కరిగిస్తే ఒకటి కాంతిని ఎడమకి, ఇంకోటి కుడికి తిప్పింది.

ఇప్పుడు మన మనిషి. కృష్ణా జిల్లాలో 1909లో పుట్టిన సూరి భగవంతం, కలకత్తాలో సి.వి. రామన్ దగ్గర చేరారు. 1930లో ఆయన, వెంకటేశ్వరన్ కలిసి ఎడమ, కుడి ద్రవాల రామన్ గీతల్ని పోల్చి చూశారు. కొన్ని గీతల తీవ్రతలో తేడా కనపడింది. కానీ అది ద్రవంలోని మలినాల వల్లేనని తర్వాత తేల్చారు.

మరుసటి ఏడాది రామన్‌తో కలిసి ఇంకో ప్రయోగం. అయితే వెతికింది అణువుల వాటం కాదు, కాంతి కణానికి స్పిన్ ఉందా అని. ఉందని రాశారు.

చూశారా? 1930లో ఎడమ, కుడి అణువులు. 1931లో కాంతి స్పిన్. ఎడమ, కుడి అణువుల మీద, మనూళ్ళో కొబ్బరిపీచు తాడు పేనినట్టు మెలి తిరుగుతూ వెళ్ళే కాంతితో 1973లో కేంబ్రిడ్జిలో బారన్, బోగార్డ్, బకింగ్‌హామ్ ఫలితం సాధించారు. ఎడమ మెలికీ కుడి మెలికీ మధ్య తేడా వెయ్యో వంతు స్థాయిలోనే ఉంటుంది. అంత చిన్న తేడా పట్టడానికి లేజర్ కావాలి. మొదటి లేజర్ వెలిగిందే 1960లో.

అందుకే భగవంతం గారిది ఫెయిల్ అయిన ప్రయోగం అంటే నేనొప్పుకోను. అడిగిన ప్రశ్న సరైనదే. పనిముట్టు ముప్పయ్యేళ్ళు లేటుగా వచ్చింది, అంతే.

ఈసారి మాత్ర కొన్నప్పుడు అట్ట మీద పేరు చదవండి. మళ్ళీ కలుద్దాం, ఉంటానండి.