గడ్డాల షుగర్ నుంచి పీసీఓఎస్ దాకా

మన ఇళ్లలో హైజ్ పేరు పైకి ఎత్తరు. "నమాజ్ మాఫ్" అంటే చాలు, ఆడవాళ్లకి అర్థమైపోతుంది. ఆ మాఫీ నాలుగు నెలలు రాకపోయినా, గడ్డం కింద వెంట్రుకలు మొలిచినా, రిష్తా కుదిరేదాకా షర్మ్‌తో దాచేస్తాం. నికాహ్ తర్వాత ఔలాద్ ఆలస్యమైతే బాంఝ్ అంటాం. పైగా ఇది పిజ్జాలు తెచ్చిన కొత్త మర్జ్ అని చాలామంది యకీన్. దీని తారీఖ్ అలా లేదు.

యూనానీ తిబ్‌లో హైజ్ ఆగిపోవడాన్ని ఎహ్తెబాసె తమ్స్ అంటారు. 1037లో వఫాత్ అయిన ఇబ్నె సీనా తన అల్ ఖానూన్‌లో దీని గురించి రాశారు. అదంతా పీసీఓఎస్ అనను, హైజ్ ఆగడానికి సబబులు చాలా. కానీ ఆయన రాయడానికి సిగ్గుపడలేదు.

1721లో ఇటలీ తబీబ్ అంటోనియో వాలిస్నేరి ఒక పల్లెటూరి యువతి గురించి రాశాడు. కాస్త లావు, పిల్లల్లేరు, అండాశయాలు తెల్లగా మెరుస్తూ పావురం గుడ్లంత ఉన్నాయి. ఆయన పేరు కితాబుల్లో మిగిలింది, ఆమె పేరు లేదు. తర్వాత 1921లో పారిస్‌లో ఆషార్, థియెర్ అనే డాక్టర్లు "గడ్డాలున్న ఆడవాళ్ల షుగర్" గురించి చెప్పారు. పేరు ఎంత బేషరమో! అయినా అసలు తాళంచెవి అందులోనే ఉంది.

దాన్ని అండాశయంతో కలిపి చూసేసరికి చాలా ఏళ్లు పట్టింది. 1935లో షికాగోలో స్టెయిన్, లెవెంతాల్ ఏడుగురు ఆడవాళ్ల కేసులు అచ్చువేశారు. అండాశయాల్లోంచి ముక్క కోసి తీస్తే ఏడుగురికీ హైజ్ మళ్లీ వచ్చింది, ఇద్దరికి కడుపు పండింది. ఆ కామ్యాబీతో అందరి నజర్ అండాశయం మీదే నిలిచిపోయింది.

1980లోగానీ ఈ ఆడవాళ్ల రక్తంలో ఇన్సులిన్ ఎక్కువని తేలలేదు. ఆ ఇన్సులిన్ మగ హార్మోన్‌ని పెంచుతుంది, అండం పండదు. స్కాన్‌లో కనిపించేవి గడ్డలు కావు, మధ్యలో ఎదుగుదల ఆగిన అండాల తిత్తులు. 2003లో రాటర్‌డామ్‌లో డాక్టర్లు కూర్చుని, హైజ్ తప్పడం, మగ హార్మోన్ ఎక్కువవడం, స్కాన్‌లో తిత్తులు, ఈ మూడింటిలో రెండుంటే చాలన్నారు. అంటే తిత్తులు లేకపోయినా మర్జ్ ఉండొచ్చు. 2012లో అమెరికా నిపుణులు ఈ పేరే తప్పుదారి పట్టిస్తోంది, మార్చండి అన్నారు.

"నికాహ్ అయితే సర్దుకుంటుంది" అనేవాళ్లంటే నాకు కోపం. నెలల తరబడి హైజ్ రాకపోతే గర్భాశయం పొర మందమై కేన్సర్ ఖత్రా పెరుగుతుంది. పిల్లలు పుట్టినా షుగర్ ఖత్రా పోదు. మా బంధువుల్లో ఒకామెకి ఇద్దరు బిడ్డలు. అల్లా ఇచ్చాడు, ఇంకేం ఇలాజ్ అని డాక్టర్ దగ్గరికి పోవడం మానేసింది. నలభై నిండకముందే కాలి పుండు మానక రక్తం పరీక్ష చేయిస్తే షుగర్ బయటపడింది.