మోటారు సైకిలు – శిరస్త్రాణం

1935వ సంవత్సరం మే 13వ తేదీన, ఇంగ్లండులోని డార్సెట్ ప్రాంతంలో, ఒక వ్యక్తి మోటారు సైకిలుపై ఇంటికి తిరిగి వస్తున్నాడు. ఎత్తుపల్లాలతో కూడిన ఆ రోడ్డుమీద, హఠాత్తుగా ఎదుట సైకిళ్లపై పోతున్న ఇద్దరు బాలురు కనిపించారు. వారిని తప్పించబోయి అతడు వాహనంపైనుండి ఎగిరిపడినాడు. తలకు బలమైన గాయం తగిలింది. స్పృహ తిరిగి రాకుండానే మే 19న మరణించినాడు. అతడే ‘అరేబియా లారెన్స్’ అని ప్రసిద్ధి చెందిన టి. ఇ. లారెన్స్. అప్పటికి అతని వయస్సు 46 సంవత్సరాలు. ప్రమాద సమయంలో అతని తలపై శిరస్త్రాణం లేదు.

లారెన్స్‌ను పరీక్షించుటకు పిలిపించిన వైద్యులలో హ్యూ కైర్న్స్ అనే శస్త్రవైద్యుడు ఒకడు. ఇతడు ఆస్ట్రేలియాలో పుట్టి, అమెరికాలో హార్వే కుషింగ్ వద్ద మెదడు శస్త్రచికిత్సను అభ్యసించినవాడు. తరువాత ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైనాడు. ఎంత నేర్పుగల వైద్యుడైనా, నలిగిన మెదడును మరల పూర్వస్థితికి తేలేడు. అట్లయితే అది నలగకుండా చేయడం ఎట్లా? కైర్న్స్ ముందు నిలిచిన ప్రశ్న ఇది.

శిరస్త్రాణం అప్పటికే కొత్త వస్తువు కాదు. 1914లో ఐల్ ఆఫ్ మాన్ ద్వీపంలో జరిగిన మోటారు సైకిలు పందేలలోనే దానిని తప్పనిసరి చేసినారు. కాని అది పందెగాళ్ల వస్తువుగానే మిగిలిపోయింది. సాధారణ ప్రజలు దానిని పట్టించుకోలేదు.

ఇంతలో రెండవ ప్రపంచయుద్ధం వచ్చింది. వార్తలు చేరవేసే సైనికులు మోటారు సైకిళ్లపై రాత్రింబవళ్లు తిరిగేవారు. శత్రు విమానాల భయంవల్ల వీధిదీపాలు ఆర్పివేసినారు. యుద్ధం మొదలైన 21 నెలలలో బ్రిటనులో 2,279 మంది మోటారు సైకిలు నడిపేవారు, వెనుక కూర్చున్నవారు రోడ్డు ప్రమాదాలలో మరణించినట్లు కైర్న్స్ 1941లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించినాడు. ఈ మరణాలకు ప్రధాన కారణం తల గాయాలే. శిరస్త్రాణం ధరించి గాయపడినవారు అతనికి ఏడుగురే కనిపించారు. ఆ ఏడుగురూ బ్రతికినారు. అదే సంవత్సరం నవంబరులో, విధినిర్వహణలో ఉన్న మోటారు సైకిలు సైనికులు శిరస్త్రాణం ధరించి తీరవలెనని సైన్యం ఆజ్ఞాపించింది.

ఏడుగురి లెక్క శాస్త్రీయ నిరూపణకు చాలదు. కాబట్టి కైర్న్స్ పరిశోధనను అక్కడితో ఆపలేదు. ఆక్స్‌ఫర్డ్‌లోనే ఉన్న హోల్‌బోర్న్ అనే భౌతికశాస్త్రజ్ఞుని తోడు చేసుకున్నాడు. హోల్‌బోర్న్ మైనపు కపాలంలో, మెదడుకు బదులు జెలటిన్ పోసి పరీక్షించినాడు. తల ఒక్కసారిగా గిర్రున తిరిగినప్పుడు, జడత్వంవల్ల లోపలి పదార్థం వెనుకబడి, దాని పొరలు ఒకదానిపై ఒకటి జరిగి చినుగుతాయని చూపినాడు. పై ఎముక విరగకపోయినా మెదడు ఎట్లా దెబ్బతినగలదో దీనివల్ల అర్థమైనది.

శిరస్త్రాణం చేసే పని ఏమిటి? ఒక చిన్న లెక్క చూద్దాం. తల 1.5 మీటర్ల ఎత్తునుండి గట్టి నేలకు తగిలిందనుకుందాం. ఆగడానికి దానికి 2.5 మిల్లీమీటర్ల దూరమే దొరికితే, దానిపై సగటు ఋణత్వరణం భూమ్యాకర్షణ త్వరణానికి 600 రెట్లు ఉంటుంది. 25 మిల్లీమీటర్ల దూరం దొరికితే అది 60 రెట్లకు దిగుతుంది. అనగా, దూరం పదింతలైతే ఋణత్వరణం పదోవంతు అవుతుంది. ఆ దూరాన్ని కల్పించేది పైనున్న గట్టి చిప్ప కాదు. దాని లోపల నలిగే మెత్తని పొర. దెబ్బశక్తిని తాను నలిగి పీల్చుకొనే ఇట్టి పొరగల శిరస్త్రాణాన్ని అమెరికాలో రోత్, లొంబార్డ్ అనేవారు రూపొందించి 1953లో పేటెంటు పొందినారు. నేటి శిరస్త్రాణాల నిర్మాణానికి ఇదే మూలం. ఒకసారి నలిగిన పొర మరల ఆ పని చేయలేదు; అందుచేత ప్రమాదానికి గురైన శిరస్త్రాణాన్ని మార్చివేయవలెను.

ఇక వేగం సంగతి. వేగం రెట్టింపయితే గతిజశక్తి నాలుగు రెట్లవుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగం సుమారు 6 మీటర్ల ఎత్తునుండి పడిన వేగంతో సమానం. 80 కిలోమీటర్ల వేగం సుమారు 25 మీటర్ల ఎత్తునుండి పడిన దానితో సమానం. మరి వేగంగా పోయేవారికి శిరస్త్రాణం వృథాయా? కాదు. బండిపైనుండి జారిపడినవాని ముందుకుపోయే వేగం, రోడ్డుపై జారుతూ పోయినకొద్దీ క్రమంగా తగ్గుతుంది. తల నేలను తాకే వేగం మాత్రం, పైకి ఎగిరిపడకపోతే, ముఖ్యంగా అది ఉన్న ఎత్తునుబట్టి ఉంటుంది. ఆ దెబ్బను శిరస్త్రాణం తట్టుకోగలదు. స్తంభానికో, గోడకో, ఎదురు లారీకో తల నేరుగా తగిలితే మాత్రం ఆ వేగమంతా దెబ్బగా మారుతుంది. అప్పుడు ఏ శిరస్త్రాణం శక్తికైనా హద్దు ఉంటుంది.

అందుచేత ప్రమాదాన్నే తప్పించే సాధనాలు వచ్చినాయి. గట్టిగా బ్రేకు నొక్కితే చక్రం తిరగడం మాని జారుతుంది. బండి అదుపు తప్పుతుంది. చక్రం అట్లా బిగుసుకోకుండా బ్రేకు ఒత్తిడిని క్షణక్షణం సర్దే ఏబీఎస్ అనే ఏర్పాటును 1988లో బీఎండబ్ల్యూ సంస్థ మోటారు సైకిళ్లకు తెచ్చింది. మన దేశంలో 125 సీసీకి మించిన కొత్త బళ్లకు ఇది 2019 ఏప్రిల్ నుండి తప్పనిసరి అయినది. అయినా, బండి పోయే వేగాన్ని నిర్ణయించేది నడిపేవాడే.

కైర్న్స్ 1952లో మరణించినాడు. ప్రపంచంలో మొదటిసారిగా శిరస్త్రాణాన్ని చట్టంద్వారా తప్పనిసరి చేసినది అతడు పుట్టిన దేశమైన ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం, 1961లో. బ్రిటనులో ఆ చట్టం 1973లో వచ్చింది. కైర్న్స్ వ్యాసం వెలువడిన 32 సంవత్సరాలకు. మన దేశంలో 1988 మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షను దీనినే చెబుతున్నది. 2008లో 61 పరిశోధనలను కలిపి పరిశీలించగా, శిరస్త్రాణం మరణ ప్రమాదాన్ని సుమారు 42 శాతం, తల గాయాల ప్రమాదాన్ని సుమారు 69 శాతం తగ్గిస్తుందని తేలినది. ఏడుగురి లెక్కతో మొదలైన ఊహకు ఇంతటి బలం చేకూరింది.

సత్యాన్ని కనుగొనడానికి పట్టిన కాలంకన్నా, దానిని మనుషులు తలకెక్కించుకోవడానికి ఎక్కువ కాలం పట్టింది. ఆ మధ్యకాలంలో పోయిన ప్రాణాలు తిరిగి రావు. శిరస్త్రాణాన్ని హ్యాండిలుకు తగిలించి పోయేవానికీ, గడ్డం క్రింది పట్టీ బిగించనివానికీ, కైర్న్స్ శ్రమ ఇంకా అందనట్లే.