చందమామ జానపద ధారావాహికలు: కర్తృత్వ విచారము

నవలాచరిత్ర వ్రాయువారు సాధారణముగా ముద్రితగ్రంథముల పట్టికతో ఉపక్రమింతురు. ముఖపత్రముపై కర్త పేరున్న పుస్తకము లెక్కలోనికి వచ్చును. పత్రికలో పేరు లేక వెలువడినది రాదు. ఈ పద్ధతివలన తెలుగున అద్భుతసాహస నవలాశాఖలో గణనీయమైన భాగము చాలకాలము మన పరిశీలనకు దూరమైనదని మా అభిప్రాయము. చందమామ ధారావాహికలే ఇందులకు నిదర్శనము.

అద్భుతకల్పన మన వాఙ్మయమునకు క్రొత్త కాదు. 16వ శతాబ్దమున పింగళి సూరన కళాపూర్ణోదయమును రచించెను. తరువాతి కాలమున మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథలలో, యాత్రామార్గమున మణిసిద్ధునిచే గోపునికి మజిలీ మజిలీకి ఒక కథ చెప్పించెను. ఈ రెండింటను కథ కథలోనికి చొచ్చుకొనిపోవును. చందమామ ధారావాహికల నడక వేరు. అందు కథ ముందునకే సాగును. నాయకులు అడవులు, లోయలు, దీవులు దాటుచుందురు. ప్రతిమాసము ఒక ప్రమాదముకడ కథ నిలుచును. ఈ నిర్మాణము మాసపత్రిక అవసరమునుండి పుట్టినదే.

బి. నాగిరెడ్డి, చక్రపాణిగార్లు 1947 జూలైలో మద్రాసున చందమామను స్థాపించిరి. అందు 1954లో తోకచుక్క ఆరంభమైనది. పేరున ఖగోళవస్తు వున్నను అది వైజ్ఞానిక కల్పన కాదు. కుండలినీద్వీప సేనాని సమరసేనుడు ఏకాక్షి, చతుర్నేత్రులను మాంత్రికుల వైరము నడుమ చిక్కుకొన్న కథ. మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపము, రాకాసిలోయ, పాతాళదుర్గము, శిథిలాలయము మున్నగునవి పిమ్మట వెలువడినవి. రాకాసిలోయలో కేశవ జయమల్లులు, యక్షపర్వతమున ఖడ్గవర్మ జీవదత్తులు జంటనాయకులు. చిత్రకారుడు 'చిత్ర' గీసిన బొమ్మలు ఈ లోకమునకు రూపము కల్పించినవి.

ఇంతటి రచనాసముదాయమునకు పత్రికలో కర్తనామము లేదు. పిల్లలు రాకాసిలోయను ఎరుగుదురు, వ్రాసినవారిని ఎరుగరు. ఆ రచయిత పత్రిక సంపాదకవర్గమున పనిచేసిన దాసరి సుబ్రహ్మణ్యముగారు. 1952 నుండి 1980 వరకు కొడవటిగంటి కుటుంబరావుగారు పత్రికా సంపాదకత్వము నిర్వహించుటచే, పేరులేని రచనలన్నింటను వచనము ఇంచుమించు ఒకే తీరున కనబడును. కావున శైలి నొక్కదానినే ప్రమాణముగా గొని కర్తను నిర్ణయించుట ప్రమాదకరము. కలసి పనిచేసినవారి సాక్ష్యము, కథానిర్మాణము, పాత్రల పోలికలు కలిపి చూడవలెను. దాసరివారు 2010లో దివంగతులైనారు. ఆ తరువాత వీనిలో పలుకథలు ఆయన పేరుతో పుస్తకములుగా వెలువడినవి. పాఠకులు చిన్ననాటినుండి ఎరిగిన నవలలకు రచయిత అట్లు ఆలస్యముగా లభించెను.

దీనినుండి పరిశోధకవిద్యార్థులు గ్రహింపవలసిన దొకటి కలదు. క్రొత్త నవలను కనుగొనుట యనగా అముద్రిత ప్రతిని వెదకుట మాత్రమే కాదు. లక్షలమంది చదివియు చరిత్రలోనికి ఎక్కని దానిని గుర్తించుటయు ఆవిష్కరణమే. వైజ్ఞానిక కల్పనలకును ఇదే మార్గము వర్తించును. పిల్లల పత్రికలు చేతులు మారి చినిగిపోవునవి. అట్ట యూడినచో సంపుటి, సంచిక యెన్నవదో తెలియదు. కావున సంచికలను వరుసగా చూచి, ఏ కథ ఏ నెలలో ఆరంభమై ఏ నెలలో ముగిసినదో పట్టిక కట్టుట ప్రథమకర్తవ్యము. బాలసాహిత్యమను పేరు చెప్పి వీనిని ప్రక్కకు నెట్టినచో, ఒక తరమునకు చదువరితనము నేర్పిన నవలలనే మన నవలాచరిత్రనుండి తొలగించినవార మగుదుము.